మెరక ఎవరిది? పల్లం ఎవరిది?

(పాలకాయతిప్పలో దళిత, మత్స్యకార యువకుల ముందు ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



పౌర బాధ్యత గురించి నాలుగు ముక్కలు చెప్పమన్నారు. బళ్ళో పిల్లలకి నేను చెప్పే పాఠమే అది. పన్ను కట్టాలి, ఓటు వెయ్యాలి, రోడ్డు పాడు చెయ్యకూడదు అని ఉంటుంది. మంచిదే. కానీ అది సగం పాఠం. ప్రభుత్వాన్ని లెక్క అడగటం కూడా పౌర బాధ్యతే అనేది మిగతా సగం. సముద్రం ఒడ్డున బతికే మనకు ఆ సగం ప్రాణాలతో ముడిపడి ఉంది.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచింది. ప్రభుత్వ లెక్క ప్రకారమే సుమారు పదివేల మంది పోయారు. ఉప్పెనకు కులం లేదు అంటారు. నిజమే, నీళ్ళకు కులం లేదు. మరి మెరకకు లేదా? పల్లానికి లేదా? డాబా ఎవరిది, తాటాకు గుడిసె ఎవరిది? ఊరు మెరక మీద ఉండి వాడ పల్లంలో ఎందుకుంది? అవి వరి కోతల రోజులు. కూలికని పొరుగు ప్రాంతాల నుంచి వచ్చినవాళ్ళూ కొట్టుకుపోయారు. ఏ ఊరి జాబితాలోనూ పేరు లేని మనిషి చనిపోతే లెక్క రాసేదెవరు?

1990 మే 9న మళ్ళీ అంత తుపానూ ఈ కృష్ణా ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. అప్పుడు ఆరు లక్షలకు పైగా జనాన్ని ముందే తరలించారు. చనిపోయినవాళ్ళు వెయ్యి లోపు. అదీ చిన్న సంఖ్య కాదు. అయినా పదమూడేళ్ళలో ఇంత తేడా ఎలా వచ్చింది? సముద్రం మెత్తబడిందా? లేదు. కబురు ముందే అందింది, జనాన్ని కదిలించారు, వాళ్ళు తలదాచుకోటానికి తుపాను షెల్టర్లు ఉన్నాయి. మంచి పరిపాలన అంటే ఇదే.

బీద దేశంలో ఇదెలా సాధ్యం అనేవాళ్ళు బంగ్లాదేశ్‌ను చూడండి. 1970 తుపానులో అక్కడ మూడు లక్షల మంది పోయారని అంచనా. 2007 నవంబరులో సిడర్ తుపాను వస్తే ప్రభుత్వ లెక్కలో చనిపోయింది నాలుగు వేల లోపు. అప్పటికది మనకన్నా బీద దేశం. ఊరూరా వాలంటీర్లను తయారు చేసుకున్నారు. వాళ్ళు మెగాఫోన్లు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి జనాన్ని లేపారు.

ప్రాణం దక్కాక ఇంకో పోరాటం ఉంటుంది. అది జాబితా పోరాటం. 2005 విపత్తు నిర్వహణ చట్టం, 61వ సెక్షన్ ఏమంటుందో గుర్తుపెట్టుకోండి. పరిహారం, సహాయం ఇచ్చేటప్పుడు కులం, మతం, ఆడ మగ అన్న వివక్ష ఉండకూడదు. ఇది ఎవరి దయా కాదు, చట్టం. అదే ఏడాది సమాచార హక్కు చట్టం కూడా వచ్చింది. తెల్లకాగితం మీద రాసి ఇస్తే 30 రోజుల్లో జవాబు చెప్పాలి. ప్రాణానికి సంబంధించిన సంగతైతే 48 గంటల్లో చెప్పాలి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్ళకు ఫీజు లేదు.

ఏమడగాలి అంటారా? మన షెల్టరు తాళం ఎవరి దగ్గరుంది? అందులో ఎంతమంది పడతారు, వాడలో, పాలెంలో కలిపి ఎంతమందిమి ఉన్నాం? మరమ్మతుకు ఎంత మంజూరైంది, ఎంత ఖర్చయింది? నష్టపోయినవాళ్ళ జాబితా పంచాయతీ ఆఫీసు గోడకి ఎందుకు అంటించలేదు? కౌలుకు చేసినవాడి పంట మునిగితే డబ్బు ఎవరి ఖాతాలో పడింది? వల, పడవ పోయినవాడి పేరు రాశారా? ఇవి అడిగితే గొడవ చేస్తున్నారంటారు. అననివ్వండి.

మన వైపు నుంచి కూడా బాధ్యత ఉంది. షెల్టరు కిటికీ తలుపులు ఊడబెరికితే నష్టపోయేది మన పిల్లలే. నష్టం లేకపోయినా జాబితాలో పేరు ఎక్కించుకుంటే పక్క గుడిసె ముసలవ్వ నోటి దగ్గర కూడు లాక్కున్నట్టే. అయిదొందలకి ఓటు అమ్ముకున్నవాడు అయిదేళ్ళు లెక్క అడగలేడు. మాల, మాదిగ, పాలెం అని విడివిడిగా వెళితే ఆఫీసరు ముగ్గురినీ మూడు రోజులు తిప్పి పంపిస్తాడు. కలిసి వెళ్ళాలి.

1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ ఒక హెచ్చరిక చేశారు. రాజకీయాల్లో సమానత్వం వస్తోంది, బతుకులో అసమానత అలాగే ఉంది, దీన్ని త్వరగా సరిచెయ్యకపోతే కట్టుకున్న ప్రజాస్వామ్యమే కూలుతుందని. ఆ అసమానత మన దగ్గర మెరకగా, పల్లంగా కంటికి కనిపిస్తూనే ఉంది.

కాబట్టి వచ్చే గ్రామసభకి ఊరికే వెళ్ళొద్దు. ఇప్పుడు నేనన్న ప్రశ్నలు కాగితం మీద రాసి, చదువుకున్న పిల్లలతో చదివించండి. ఆడవాళ్ళు ముందు నిలబడండి. జవాబు తీర్మానాల పుస్తకంలో రాయించి, రాసింది చదివించుకుని, అప్పుడు సంతకం పెట్టండి. తుపాను రాకముందే అడగాలి. వచ్చాక అడిగే టైము ఉండదు.

జై భీమ్.