పిల్లలకు గురివిద్య
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాసము)



పల్లెలో పుట్టిన బిడ్డకు గురి క్రొత్త విద్య కాదు. జొన్నచేనిలో మంచె యెక్కి వడిసెల త్రిప్పి పిట్టలను తోలుట, ఉండేలుతో మామిడికాయను రాల్చుట, గోలీని గోలీతో కొట్టుట, ఇవన్నియు గురివిద్యలే. కావున పిల్లలకు దీనియం దాసక్తి కలుగునా యన్నది ప్రశ్న కాదు. ఆ యాసక్తిని ఎవరు, ఎక్కడ, ఏ క్రమమున దిద్దవలెనన్నదే ప్రశ్న. దిద్దువారు లేనిచో ఉండేలు రాయి పొరుగుబిడ్డ కంటికి తగులును. పోయిన కన్ను మరల రాదు.

ద్రోణాచార్యుడు శిష్యులను పరీక్షించిన కథ అందరును ఎఱిగినదే. అర్జునుని ఏకాగ్రతను అందరును మెచ్చుకొందురు. కాని ఆ కథలోని రెండు విషయములను తరచుగా మఱచుచుందురు. చెట్టుకొమ్మపై నుంచినది ప్రాణమున్న పక్షి కాదు. పనివారిచేత చేయించిన బొమ్మ. ధర్మరాజు మొదలుగా తక్కిన శిష్యులందఱును విల్లెక్కుపెట్టియు, గురువు వలదన్నంతనే బాణము విడువక తొలగిపోయిరి. ప్రాణిపై గురి పెట్టకుండుట, గురువు ఆజ్ఞ కాగానే దించుట, ఈ రెండును బాణము విడుచుటకు ముందు నేర్వవలసిన పాఠములు. నేటి తుపాకి క్రీడకును ఇవియే పునాదులు.

పల్లెపిల్లలలో పెక్కుమంది తుపాకిని మొదట తాకునది తిరునాళ్ళలోని బుడగల దుకాణమునందు. దుకాణదారు గుండు పెట్టిన గాలితుపాకిని చేతి కిచ్చును. చుట్టును జనము మూగియుందురు. బుడగ పగిలిన సంతోషమున పిల్లవాడు వెనుకనున్న తండ్రివైపు తిరుగును. తుపాకి గొట్టమును వానితోడనే తిరుగును. అప్పుడు కాపాడునది అదృష్టమే గాని విద్య కాదు.

గాలితుపాకి ఆటబొమ్మ కాదు. పోటీలలో వాడు ఎయిర్ రైఫిలునుండి 4.5 మిల్లీమీటర్ల సీసపు గుండు సెకనుకు సుమారు 170 మీటర్ల వేగముతో వెడలును. దగ్గఱనుండి తగిలినచో కన్నే కాదు, ప్రాణమును పోవచ్చును. అందుచేత మంచి శిక్షకులు పిల్లలకు మొదట నాలుగు నియమములను కంఠస్థము చేయింతురు. ప్రతి తుపాకిలోను గుండున్నట్లే భావింపవలెను. గొట్టమును ఏ ప్రాణివైపునకును త్రిప్పరాదు. గురి కుదురువఱకు ట్రిగ్గరుపై వ్రేలు పెట్టరాదు. గురికి వెనుక ఏమున్నదో తెలియనిదే పేల్చరాదు. ‘స్టాప్’ అన్న కేక వినబడిన తక్షణమే ఆపి, గుండు తీసివైచి, గొట్టము ఖాళీయని తెలుపు రంగుదారమును అందుంచి, తుపాకిని బల్లపై పెట్టి వెనుకకు జరుగవలెను. సీసమును తాకిన చేతులను భోజనమునకు ముందు సబ్బుతో కడుగుకొనవలెను.

ఏ వయస్సున మొదలుపెట్టవలెనని తల్లిదండ్రులు అడుగుచుందురు. ఏండ్ల లెక్కకంటె నడవడి లెక్క ముఖ్యము. ఆగుమన్న మాటకు ఆగగల బిడ్డ, తప్పు చేసినపుడు దాచక చెప్పగల బిడ్డ, ఆటలో కోపమును అణచుకొనగల బిడ్డ, ఇట్టివారు అర్హులు. దేహబలమును చూడవలెను. పోటీ రైఫిలు 5.5 కిలోల వఱకు తూగవచ్చును. ఎదుగుచున్న వెన్నెముకకు అది భారము. కావున చిన్నవారు తుపాకిని ఆధారముపై నుంచి కొద్దిసేపు మాత్రమే సాధన చేయుదురు. అంతకంటె పసివారికి గుండు లేని లేజరు పిస్తోలు మేలు. 2012 లండన్ ఒలింపిక్సులో పెంటథ్లాన్ పోటీదారులు అట్టి పిస్తోళ్ళనే వాడిరి.

ఈ క్రీడ చూచుటకు సులభము, చేయుటకు కఠినము. పది మీటర్ల ఎయిర్ రైఫిలు పోటీలో గురిపలక నడిమి చుక్క వెడల్పు అర మిల్లీమీటరు, ఆవగింజకంటె చిన్నది. 75 నిమిషములలో 60 గుండ్లు పేల్చవలెను. ఊపిరిని నిలుపవలెను, జారిపోయిన గుండును తలచుకొని కుములరాదు. పరుగెత్తలేని బిడ్డయు, పొట్టి బిడ్డయు, బిడియము గల బిడ్డయు ఇందు రాణింపవచ్చును.

దేశములో ఈ క్రీడకు పెద్దదిక్కైన జాతీయ రైఫిల్ సంఘము 1951లో ఏర్పడినది. దానికి తొలి అధ్యక్షులు లోక్‌సభ ప్రథమ సభాపతి గణేశ్ వాసుదేవ్ మావళంకర్. గాంధీజీ వెంట నడచి చెఱసాలల కేగిన పెద్దమనిషి తుపాకి క్రీడకు అధ్యక్షుడగుట గమనింపదగిన విషయము. క్రీడ వేఱు, హింస వేఱు. 2008లో బీజింగునందు అభినవ్ బింద్రా స్వర్ణ పతకమును, 2012లో లండనునందు హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ కాంస్య పతకమును గెలిచిరి.

తుపాకి మగపిల్లల సొత్తని తలచువారు హైదరాబాదుకు చెందిన ఈషా సింగును చూడవలెను. తొమ్మిదవ యేట ఈ క్రీడ నారంభించి, 2018లో పదమూడవ యేటనే ఎయిర్ పిస్తోలులో పెద్దలతో పోటీపడి జాతీయ విజేత యయ్యెను. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలందు ఒక స్వర్ణమును, మూడు రజతములను తెచ్చెను. 2024లో పారిస్ ఒలింపిక్సునందు మను భాకర్ రెండు కాంస్యములను గెలిచెను.

అయినను పతకమును చూపి పసివానిని తరుమరాదు. మంచి రైఫిలు వెల లక్షలలోనికి పోవును. అప్పు చేసి కొనుటకు ముందు బిడ్డ మనస్సును తెలిసికొనవలెను. శిక్షణకు శిక్షకుడున్న రేంజికే పంపవలెను గాని పెరటిలోను, పొలము గట్టునను తుపాకి నీయరాదు. ఇంట నున్న తుపాకిని ఒకచోటను, గుండ్లను మఱియొకచోటను తాళము వేసి యుంచవలెను. పిట్టలపై గురిచూచుట విద్య కాదు; వన్యప్రాణులను వేటాడుట 1972 నాటి చట్టము ప్రకారము నేరము.

గ్రామములో రేంజి లేకపోవచ్చును. కాని పునాది పాఠములకు రేంజి అక్కఱలేదు. ఒంటికాలిపై కదలక నిలుచుట, ఊపిరి లెక్కించుట, చెప్పినంతనే ఆగుట బడి ఆవరణలోనే నేర్పవచ్చును. ఆ నాలుగు నియమములను గ్రంథాలయపు గోడపై పెద్ద అక్షరములతో వ్రాయింపవచ్చును. వచ్చు తిరునాళ్ళలో బుడగల దుకాణము కడ ప్రతి తండ్రియు బిడ్డ ప్రక్కనే నిలిచి, గొట్టము బుడగలవైపే యుండునట్లు చూచినచో ఈ ప్రసంగము సార్థకమగును. ఈ గ్రామపు బాలబాలికలు స్థిరమైన చేతిని, అంతకంటె స్థిరమైన మనస్సును అలవఱచుకొందురు గాక!