ఉప్పుదారిలో నడిచిన ఆడవాళ్లు

(మదనపల్లెలో మహిళా కార్యకర్తల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



'మన ప్రాంతంలో వ్యాపారం, వలస, సమాజ జీవితం - పరిశోధనలు' అన్నది నాకిచ్చిన అంశం. ఆ పేరు వినగానే మీలో కొందరు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. శాసనాలకూ పాతరాళ్లకూ మన పనికీ ఏం సంబంధమని మీ అనుమానం. సంబంధం ఉంది. అదేమిటో నేను చేసిన ఒక పొరపాటుతోనే మొదలుపెట్టి చెబుతాను.

చాలా ఏళ్ల కిందట ఒక సంస్థ తరఫున పుంగనూరు వైపు పల్లెల్లో ఇంటింటి సర్వే చేశాను. ఊరి చివర ఎరుకల ఇళ్లల్లో ఒక అవ్వ దగ్గర కూర్చున్నాను. ఆమె నాతో మాట్లాడుతూనే వెదురు దబ్బలు చీలుస్తోంది. ఫారంలో 'వృత్తి' అని ఒక గడి ఉంది. భర్త పేరు ఎదురుగా 'బుట్టల అల్లకం' అని, ఆమె పేరు ఎదురుగా 'గృహిణి' అని రాశాను. "ఏం రాస్తా ఉండావు మ్మా?" అని అడిగింది. చదివి చెప్పాను. చేతిలో కత్తి పక్కన పెట్టి నవ్వింది.

"ఇంట్లో కూచుంటే ఎవురు పెడతారు మ్మా కూడు? వారానికి మూడు సంతలు తిరిగేది నేను. బుట్టలు నెత్తిన పెట్టుకోని పొయ్యేది నేను, బేరం చేసేది నేను, దుడ్లు తెచ్చేది నేను. మా అత్త వాళ్ల కాలంలో గాడిదల మీద ఉప్పేసుకోని ఊరూరా తిరిగినారంట. అదంతా ఏ గడిలో రాస్తావు?"

గడిలో రాసింది కొట్టేసి 'బుట్టల తయారీ, అమ్మకం' అని రాశాను. నేను చరిత్ర చదువుకున్నదాన్ని, కాలేజీలో పాఠాలు చెప్పినదాన్ని. అయినా ఆమె ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది. ఆ తర్వాత నేను చదివిందంతా ఆ జవాబు కోసమే అనుకోండి.

రాళ్ల మీద ఎవరున్నారు?

మనం కూర్చున్న చోటుకి దగ్గరలోనే బసినికొండ ఉంది. అక్కడ చోళుల కాలం నాటి, 11వ శతాబ్దపు తమిళ శాసనం ఉంది. కర్ణాటకలోని ఐహొళె పేరుతో 'అయ్యావొళె అయిదునూర్వురు' అనే వర్తక సంఘం ఆ రోజుల్లో దక్షిణ దేశమంతా వ్యాపారం చేసేది. ఆ వర్తకులు సమావేశమై సిరవల్లి అనే ఊరిని 'ఎరివీరపట్టణం'గా మార్చారని ఆ శాసనం చెబుతుంది. ఎరివీరపట్టణమంటే సాయుధుల కాపలా, వర్తకులకు ప్రత్యేక హక్కులు ఉండే పట్టణం. ఈ మెట్ట ప్రాంతంలో అలాంటి పట్టణం ఎందుకు అవసరమైంది? కింద తమిళ మైదానం, పైన కన్నడ పీఠభూమి. రెంటికీ మధ్య సరుకు ఘాట్లెక్కి దిగే దారి మన దారే. సముద్రం ఒడ్డున పండిన ఉప్పు పైకి రావాలన్నా, పైనుంచి ధాన్యం కిందికి పోవాలన్నా ఇటే నడవాలి.

ఆ సమావేశానికి వచ్చినవాళ్లను శాసనం వరసగా చెబుతుంది. శెట్లు, శెట్టిపుత్రులు, గవుండస్వాములు, ఆయుధాలు పట్టిన వీరులు. పుత్రులున్నారు, పుత్రికలు లేరు. బిడారులో వండిందెవరో, పశువులకు నీళ్లు పెట్టిందెవరో, సంతలో కూర్చుని సరుకు అమ్మిందెవరో లేదు.

అంతకుముందు రెండు శతాబ్దాల నాటి వీరగల్లులు కూడా ఈ ప్రాంతంలో చాలా ఉన్నాయి. మదనపల్లె పక్కనే ఉన్న చిప్పిలి వైదుంబ రాజుల కేంద్రం. 9వ శతాబ్దంలో వైదుంబులు, బాణులు, నొళంబులు పోట్లాడుకున్న సోరెమడి యుద్ధంలో చచ్చిపోయినవాళ్ల రాళ్లు ఇక్కడి ఊళ్లలో దొరికాయి. వీరగల్లు మీద ఆడవాళ్లు లేరా అంటే ఉన్నారు. చచ్చిపోయిన వీరుణ్ణి స్వర్గానికి తీసుకుపోయే అప్సరసలుగా ఉన్నారు. మాస్తికల్లు మీదైతే భర్తతో కాలిపోయినామె, గాజుల చెయ్యి పైకెత్తి ఉంటుంది. అప్సరస అయినా కావాలి, చితి అయినా ఎక్కాలి. బతికి, పనిచేసి, నాలుగు ఊళ్లు తిరిగి పిల్లల్ని సాకిన ఆడదానికి రాయి లేదు.

దగ్గరి కాలానికి వచ్చినా ఇంతే. 1919లో ఇక్కడి బిసెంట్ థియోసాఫికల్ కాలేజీలో 'జనగణమన'కు మార్గరెట్ కజిన్స్ స్వరం కట్టారని మనం గర్వంగా చెప్పుకుంటాం. ఆవిడ 1927లో అఖిల భారత మహిళా సభ స్థాపనకు పూనుకున్నవారు. ఆవిడ్ని గుర్తుపెట్టుకోవాల్సిందే. అదే ఏడాది ఇదే ఊరి సంతలో ఉప్పు అమ్మినామె ఎవరో మనకు తెలియకపోవడం మాత్రం యాదృచ్ఛికం కాదు.

వ్యాపారులు నేరస్తులైన కథ

ఎడ్గార్ థర్స్టన్ 1909లో దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు అచ్చువేశాడు. అందులో ఎరుకల వాళ్ల శాఖల పేర్లు చూడండి. ఉప్పు ఎరుకల, కరివేపాకు ఎరుకల, వెదురు దబ్బల వాళ్లు, నేతగాళ్లకు కుంచెలు చేసేవాళ్లు. అన్నీ అమ్మే సరుకును బట్టి వచ్చిన పేర్లే. అంటే వీళ్లు వర్తకులు. బండి పోని ఊరికి సరుకు చేర్చిన వర్తకులు. లంబాడీలు, అంటే మన సుగాలీలు, ఇదే పని పెద్ద ఎత్తున ఎద్దుల బిడారులతో చేశారు. 1791లో కారన్‌వాలిస్ టిప్పు సుల్తాను మీదికి పోతూ మన మొగిలి ఘాటే ఎక్కాడు, పలమనేరు మీదుగానే బెంగుళూరు చేరాడు. ఆ యుద్ధంలో అతని సైన్యానికి ధాన్యం మోసింది ఈ బిడారులే. అప్పుడు వాళ్లు కుంపిణీకి కావలసినవాళ్లు.

మరి నూరేళ్లు తిరిగేసరికి ఏమైంది? దీని మీద మీనా రాధాకృష్ణ అనే పరిశోధకురాలు మద్రాసు రాష్ట్రపు రికార్డులు తిరగేసి 1989లో ఒక ముఖ్యమైన వ్యాసం, 2001లో ఒక పుస్తకం రాశారు. నేను అర్థం చేసుకున్న మేరకు క్లుప్తంగా చెబుతాను. 1805లో మద్రాసులో ఉప్పు కుంపిణీ గుత్తాధిపత్యం కిందికి పోయింది. తర్వాత రైలు వచ్చింది. జోలార్‌పేట నుంచి కుప్పం మీదుగా బెంగుళూరు కంటోన్మెంటుకు 1864లో లైను పడింది. గాడిద మీద వారం రోజులు నడిచే ఉప్పు బస్తా ఒక్క పూటలో చేరిపోయింది. 1876-78 కరువు పశువుల్ని తినేసింది. 1882 మద్రాసు అటవీ చట్టంతో మేతకూ వెదురుకూ కరివేపాకుకూ అడవిలో అడ్డం పడింది. ఇలా అన్ని వైపులా కాళ్లు విరిచాక, 'వీళ్లకు బతుకుతెరువు కనపడదు, ఊరూరా తిరుగుతుంటారు, కాబట్టి దొంగలే' అన్నారు. 1871 నాటి నేరస్త తెగల చట్టాన్ని 1911లో మద్రాసు రాష్ట్రానికీ తెచ్చారు.

ఆ చట్టం కింద పేరెక్కినవాళ్లు వేలిముద్రలివ్వాలి, హాజరు వేయించుకోవాలి, ఊరు కదలాలంటే అనుమతి తీసుకోవాలి. కదలడమే వృత్తి అయినవాడికి కదలడం నేరమైతే ఆ ఇంటి పొయ్యి ఎట్లా వెలుగుతుంది? 1913లో బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ నడిపిన స్టువర్టుపురం లాంటి సెటిల్మెంట్లు వచ్చాయి. అక్కడ తిరిగే వ్యాపారులు పొలం కూలీలుగా, ఫ్యాక్టరీ కూలీలుగా మారారు. సొంతంగా బేరం చేసి డబ్బు చేతబట్టుకున్న ఆడది కూలికి చెయ్యి చాచినదైంది. దాన్ని 'సంస్కరణ' అన్నారు. స్వాతంత్ర్యం వచ్చాక 1952 ఆగస్టు 31న ఆ ముద్ర తీసేశారు. చట్టం పోయింది కాని చూపు పోయిందా? ఊళ్లో ఏ ఇంట్లో దొంగతనం జరిగినా ముందు ఎవరి గుడిసెలకు పోలీసులు పోతారో మీ అందరికీ తెలుసు. మగవాళ్లు దొరక్కపోతే స్టేషన్లో కూర్చోబెట్టేది ఎవరినో కూడా తెలుసు.

అదే రైలు, వేరే సరుకు

ఇప్పుడు కుప్పం స్టేషనుకు పోదాం. ఉప్పు బిడారుల్ని అణగదొక్కిన ఆ రైలుమార్గం మీదనే ఈ రోజు మన ఆడవాళ్లు బెంగుళూరుకు పనికి పోతున్నారు. ఇళ్లల్లో పనికి, కట్టడాల పనికి, దుస్తుల ఫ్యాక్టరీలకు. పక్కనే కోలారు బంగారు గనులు 1880 నుంచి మన జిల్లా దళితుల్ని తరతరాలుగా లోపలికి పిలుచుకుని 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. మన గుడుపల్లె మండలంలోని చిగురుగుంట, బిసానత్తం గనులూ ఆగిపోయాయి. గనిలో పని పోయిన మగవాడి గురించి పేపర్లు రాశాయి. ఆ ఇంటిని నిలబెట్టడానికి చీకటితో లేచి రైలెక్కినామె గురించి రాసింది తక్కువ.

ఈమెను ప్రభుత్వ లెక్క ఏమంటుందో చూడండి. జనాభా లెక్కల్లో వలసకు కారణం ఏమిటని 1981 నుంచి అడుగుతున్నారు. 2001 లెక్కల్లో వలస వచ్చిన స్త్రీలలో దాదాపు మూడింట రెండు వంతుల మంది కారణం 'పెళ్లి'. పెళ్లయి వచ్చింది నిజమే. వచ్చిన మర్నాటినుంచి చేసిన పని? దానికి గడి లేదు, ఉన్నది ఒకే కారణం రాసే చోటు. నేను 'గృహిణి' అని రాసినట్టే దేశమూ రాసింది.

చట్టమూ అంతే. అంతర్రాష్ట్ర వలస కార్మికుల కోసం 1979లో వచ్చిన చట్టం కాంట్రాక్టరు ద్వారా పోయినవాళ్లకు, అదీ అయిదుగురూ ఆ పైనా ఉన్నచోటనే వర్తించింది. దాన్ని కలిపేసుకున్న 2020 కోడ్ సొంతంగా పోయినవాళ్లను కూడా గుర్తించింది. అయినా కుప్పంలో రైలెక్కి ఒక ఇంట్లో గిన్నెలు తోమే ఆమెకు రెండింటిలోనూ చోటు లేదు.

ఇంకొక సంగతి. కుప్పం మూడు రాష్ట్రాల కూడలి. ఎరుకల వాళ్లు, సుగాలీలు మన రాష్ట్రంలో షెడ్యూల్డు తెగలు. గీత దాటి కోలారు వైపు పోతే అదే కొరచ, కొరమ, లంబాణీలు షెడ్యూల్డు కులాలు. తమిళనాడు వైపు దిగితే లంబాడీలు వెనుకబడిన తరగతి. బంధుత్వాలు మాత్రం మూడు వైపులా ఉన్నాయి, ఎందుకంటే ఈ గీతలకన్నా వాళ్లు నడిచిన దారులు పాతవి. ఒక రాష్ట్రంలో ఉన్న ఎస్సీ, ఎస్టీ హోదా ఇంకో రాష్ట్రానికి పోతే వెంట రాదని 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మగవాడు పుట్టిన ఊళ్లోనే ఉండిపోవచ్చు. గీత దాటి కాపురానికి పోయేది ఆడపిల్ల. కాబట్టి ఆ తీర్పు బరువు ఎవరి నెత్తిన ఎక్కువ పడుతుందో ఆలోచించండి.

మనం చేయవలసింది

పరిశోధకుల్ని తప్పుపట్టి ఊరుకోవడం నా ఉద్దేశం కాదు. రాళ్లు చదివినవాళ్లు లేకపోతే సిరవల్లి సంగతి మనకు తెలిసేది కాదు. రికార్డులు తిరగేసిన స్త్రీ ఒకరు లేకపోతే 'దొంగ కులం' అన్న అబద్ధం వెనక ఉప్పు వ్యాపారం ఉందని తెలిసేది కాదు. నేననేది ఏమంటే, రేపటి రికార్డు ఈ రోజు మన చేతుల్లో తయారవుతోంది. సంఘం రిజిస్టరు, సర్వే ఫారం, కేసు ఫైలు, ఇవే రేపటి శాసనాలు.

అందుకని నాలుగు మాటలు. మొదటిది, 'మీ వృత్తి ఏమిటి' అని అడగొద్దు. 'నిన్న పొద్దున లేచినప్పటినుంచి ఏం చేశావు, ఏ ఊరికి పోయావు, డబ్బు ఎవరి చేతికి వచ్చింది' అని అడగండి. రెండోది, 'ఎందుకొచ్చావు' అన్నదానికి 'పెళ్లి' అని రాసి ఆగొద్దు. 'వచ్చాక ఏ పని' అన్న ఇంకో గడి పెట్టండి. మూడోది, తిరిగి అమ్ముకునే ఆడవాళ్లను వ్యాపారులుగా నమోదు చేయించండి. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం మంది వ్యాపారులే ఉండాలి, వాళ్లలో మూడో వంతు స్త్రీలు ఉండాలి. మదనపల్లెలో, పుంగనూరులో, కుప్పంలో ఆ కుర్చీల్లో ఎవరు కూర్చున్నారో పోయి అడగండి. నాలుగోది, పెద్దవాళ్లు ఉండగానే వాళ్లు నడిచిన దారులు, సంతల పేర్లు, మజిలీలు రాసిపెట్టండి. ఏ ఇంట్లో ఎరుకల భాష మాట్లాడేవాళ్లు మిగిలారో ఆ ఇంటికి ముందు పోండి.

మధ్యాహ్నం మీరు గ్రూపులుగా కూర్చున్నప్పుడు మీ సంస్థల సర్వే ఫారాలు బయటికి తీయండి. 'గృహిణి' అన్న మాట ఎన్నిచోట్ల ఉందో లెక్కపెట్టండి. ఆ ఇళ్లకు మళ్లీ వెళ్లాల్సి వస్తుంది. నేనూ వెళ్లాను. ఆ అవ్వ రెండోసారి ముందుగా అడిగింది కూడా అదే: "ఈతూరి సరిగ్గా రాసుకున్నావా మ్మా?"

సెలవు.