రైఫిలుకు ఆయువుపట్టు



గురిపందెముల వార్తలు వినవచ్చినప్పుడు మన దృష్టి సాధారణముగా గురికాని మీదనే నిలుచును. 2008లో బీజింగునందు అభినవ్ బింద్రా స్వర్ణపతకము గెలిచినప్పుడును, 2012లో లండనునందు మన హైదరాబాదు క్రీడాకారుడు గగన్ నారంగ్ కాంస్యపతకము సాధించినప్పుడును మనము వారి చేతి నిలుకడను, మనోనిగ్రహమును కొనియాడితిమి. అది న్యాయమే. కాని ఆ చేతిలోని పనిముట్టును గూర్చి ఆలోచించినవారు మనలో తక్కువ.

వారిరువురును పాల్గొన్నది 10 మీటర్ల ఎయిర్ రైఫిలు పందెము. ఆ రైఫిలు కర్మాగారమునుండి సమగ్రముగా తయారై వచ్చును. క్రీడాకారుడు దానిని తన దేహమునకు సరిపడునట్లు సవరించుకొనిన చాలును. మందుతో ప్రేలు పెద్ద రైఫిళ్ల సంగతి వేరు. 300 మీటర్లు మొదలు 1000 గజముల వరకు సాగు పందెములలో, బ్రిటను, ఆస్ట్రేలియా, న్యూజీలండు, దక్షిణాఫ్రికా, అమెరికా దేశముల క్రీడాకారులు పలువురు రైఫిలు భాగములను విడివిడిగా ఎంచుకొని, పనితనమెరిగిన తుపాకి నిర్మాతచేత కూర్పించుకొందురు. ఇల్లు కట్టిచూడు, పెండ్లి చేసిచూడు అన్నారు మన పెద్దలు. రైఫిలు కూర్పించి చూడు అని కూడ వారు చేర్చవలసియుండెను. ఈ కూర్పులో మొట్టమొదట ఎదురగు ప్రశ్న ఒక్కటే: ఏ యాక్షనును ఎంచుకొనవలెను? ఈ ప్రశ్ననే నేడు మేము విచారింపదలచితిమి.

యాక్షను అనగా నేమి? రైఫిలులో మూడు ముఖ్యభాగములు కలవు. గుండు పయనించు గొట్టము బారెలు. భుజమునకు, చెంపకు ఆనించుకొను కొయ్యభాగము రెండవది. ఈ రెంటి నడుమ నుండి, తూటాను లోనికి పంపి, వెనుక ద్వారమును మూసి, దానిని ప్రేల్చి, ఖాళీ తొడుగును వెలికితీయు యంత్రము యాక్షను. దీని శరీరమును రిసీవరు అందురు. అందులో ముందు వెనుకలకు జరుగుచు, తలుపు గడియవలె తిరిగి బిగిసికొను ఉక్కుకడ్డీ బోల్టు. బోల్టును బిగించి నిలుపుటకై దానికి చెవులవంటి కొమ్ములుండును. వానినే లగ్గులందురు.

వీణకు తంత్రులు అరుగును, తెగును, క్రొత్తవి కట్టుకొందుము. మెట్లక్రింది మైనము కరగిన మరల పోయింతుము. కాని దండి వంకరదైనచో ఎంతటి వైణికుడును స్వరమును నిలుపలేడు. రైఫిలుకు యాక్షను అట్టిది. బారెలు కొన్నివేల తూటాలతో అరిగిపోవును. తీసివేసి మరియొకటి బిగింతురు. కొయ్యను మార్పింతురు. గురిచూచు సాధనములను మార్పింతురు. యాక్షను మాత్రము యజమానితో పాటు వార్ధక్యమునకు చేరును, కొన్నియెడల అతని కుమారునికి దక్కును. అందుచే ఈ ఎంపిక తొందరపడదగినది కాదు.

మరియొక కారణము ఇంకను గంభీరమైనది. పందెములలో విరివిగా వాడు .308 తూటా ప్రేలినప్పుడు లోపల పుట్టు పీడనము చదరపు సెంటీమీటరునకు సుమారు 4,000 కిలోగ్రాముల వరకు పోవును. బోల్టు మొగముపై పడు త్రోపు మూడు టన్నులను మించును. ఈ విస్ఫోటము జరుగుచోటు గురికాని కంటికి జానెడు దూరము. కనుక యాక్షనును ఎంచుకొనువాడు గురిని మాత్రమే కాక తన కన్నును కూడ దానికి అప్పగించుచున్నాడని గుర్తుంచుకొనవలెను.

ఇక గుణముల మాట. మంచి యాక్షనునకు మేము నాలుగు గుణములను చెప్పుదుము. మొదటిది బిగువు. బరువైన బారెలును రిసీవరు ఒక కొననుండి పట్టుకొని మోయవలెను. ప్రేలినప్పుడు అది వంగరాదు, మెలితిరుగరాదు. అందుకే పందెపు యాక్షనులలో పెక్కింటికి అడుగున తూటాలపెట్టె కొరకు కంత యుండదు. ఒక్కొక్క తూటాను చేతితోనే పెట్టవలెను. వేటకానికి అది లోపము, పందెకానికి లాభము. రెండవది ఋజుత్వము. బారెలు రంధ్రము, రిసీవరు, బోల్టు ఒకే గీతపై నుండవలెను. లగ్గులన్నియు సమముగా ఆనవలెను. ఒకటి ఆని మరియొకటి ఆనకున్నచో, ప్రతి ప్రేలుడుకును బోల్టు ఒక ప్రక్కకు నొక్కబడును.

మూడవది వేగము. ట్రిగ్గరు విడివడిన క్షణమునకును, లోని సూది తూటాను తాకు క్షణమునకును నడుమ స్వల్పకాలము గడచును. పాత మౌజరు యాక్షనులో అది సెకండులో వేయవవంతులు సుమారు ఐదు. రెమింగ్టన్ 700లో సుమారు మూడు. కొన్ని నవీన పందెపు యాక్షనులలో రెంటికి చేరువ. ఇది లెక్కింపదగినదా యని శ్రోతలడుగవచ్చును. మీటరు పొడవుగల రైఫిలు మొన ఒక్క మిల్లీమీటరు ప్రక్కకు జరిగినచో, 1000 గజముల దూరమున గుండు 3 అడుగులు తొలగిపోవును. మనిషి గుండె కొట్టుకొనుచునే యుండును. మొన కదలుచునే యుండును. ఆ కదలికకు ఎంత తక్కువ వ్యవధి చిక్కిన అంత మేలు. నాలుగవది ట్రిగ్గరు. ప్రతిసారి ఒకే బరువున, మెత్తగా, హెచ్చరిక లేకుండ విడివడు ట్రిగ్గరును ఇముడ్చుకొనలేని యాక్షను ఎంత దృఢమైనను పందెమునకు పనికిరాదు.

ఈ గుణముల విలువ అనుభవముచేత తెలిసినచోటు ఇంగ్లండులోని బిస్లీ మైదానము. బ్రిటనులో జాతీయ రైఫిలు సంఘము 1859లో ఏర్పడినది. 1860లో వింబుల్డనున జరిగిన తొలి పందెమునకు ముందు, ఆధారముపై బిగించిన విట్‌వర్తు రైఫిలును విక్టోరియా రాణి ప్రేల్చగా, 400 గజముల దూరమున గుండు లక్ష్యకేంద్రమునకు అంగుళమున్నర లోపుననే తగిలినది. 1890 నుండి ఆ పందెములు బిస్లీలో జరుగుచున్నవి. ఆ పోటీలలో ఒకదానిపై భారతదేశపు పేరు కూడ నిలిచియున్నది. కొల్హాపూరు రాజు పేర 1871లో వెలసిన కొలపూర్ కప్పు కొరకు నేటికిని కామన్‌వెల్తు జట్లు పోటీపడుచున్నవి. ఆ కొల్హాపూరు జిల్లావాడైన స్వప్నిల్ కుసాలే 2024లో పారిసునందు 50 మీటర్ల రైఫిలు పందెములో కాంస్యము గెలుచుట ముచ్చటైన విశేషము.

బిస్లీలో దశాబ్దములపాటు రాజ్యమేలినది లీ-ఎన్‌ఫీల్డు. మన ప్రాంతమున త్రీ-నాట్-త్రీ యని జనులు పిలుచుకొన్న రైఫిలే యది. పోలీసుల భుజములపై దానిని చూడనివారు మన పెద్దలలో అరుదు. ఇషాపూరు కర్మాగారము .315 స్పోర్టింగు రైఫిలును చేసినది కూడ ఆ యాక్షనుతోనే. దాని లగ్గులు బోల్టు వెనుకభాగమున నున్నవి. అందువలన బోల్టు చక్కగా జారును, సైనికుడు వడిగా కాల్చగలడు. కాని ప్రేలినప్పుడు బోల్టు పొడవంతయు ఆ త్రోపును మోసి ఇంచుక కుదించుకొనును. రిసీవరు రెండు ప్రక్కలును సమానమైన బిగువు గలవి కావు. అందుచే బారెలు మొన పైకి క్రిందికి ఊగును.

ఇక్కడ ఒక వింత జరిగినది. ఏ రెండు తూటాల వేగమును అచ్చముగా ఒకటి కాదు. వేగముగల గుండు మొన ఇంకను క్రింద నుండగనే వెలువడును. మందగించినది మొన పైకి లేచిన పిమ్మట వెలువడును. 900, 1000 గజముల దూరము పోవునప్పటికి ఈ రెండు లోపములును ఒకదానినొకటి సరిపుచ్చుకొని గుండ్లు దగ్గర దగ్గరగా పడెడివి. రొట్టె విరిగి నేతిలో పడినట్లు యాక్షను బలహీనతయే దూరపు పందెములో ఆస్తియైనది! కాని 300 గజములకడ ఆ ఊగుటయే తప్పుగా తేలెడిది. బిస్లీలో ప్రధాన బహుమానమునకు 300 గజములనుండి 1000 గజముల వరకు అన్ని దూరములందును కాల్చవలెను. అదృష్టము ఒక దూరమున తోడ్పడి మరియొక దూరమున మోసగించుట పందెకానికి సరిపడదు.

1960వ దశకము చివర అచ్చటి పందెములు .303 తూటానుండి 7.62 మిల్లీమీటర్ల తూటాకు మారినవి. పీడనము హెచ్చినది. పాత యాక్షనులను మార్చి కొంతకాలము నెట్టుకొనివచ్చినను, పందెము కొరకే పుట్టిన యాక్షనుల అవసరము స్పష్టమైనది. 1970వ దశకమున జార్జి స్వెన్సన్ అను నిర్మాత రూపొందించిన స్వింగ్ రైఫిలు ఆ మార్గమున ప్రసిద్ధికెక్కినది. దాని బోల్టునకు ముందుకొననే నాలుగు లగ్గులు కలవు. త్రోపు పుట్టినచోటనే దానిని అరికట్టుట దాని రహస్యము. లోపములు ఒకదానినొకటి సరిపుచ్చుకొనునని ఎదురుచూచుటకంటె లోపములనే తగ్గించుట మేలని ఆ తరము నేర్చుకొన్నది.

నేడు రైఫిలు కూర్పించుకొనువానికి మూడు దారులున్నవి. మొదటిది పాత సైనిక యాక్షను. వానిలో శ్రేష్ఠమైనది 1898నాటి జర్మను మౌజరు. ముందున రెండు లగ్గులు, వెనుక రక్షణకై మూడవది. తూటా పగిలినచో వేడిగాలి కంటివైపు రాకుండ ప్రక్కకు పోవుటకు రంధ్రములు. ఇంత ముందుచూపుగల యంత్రము అరుదు. వెల కూడ అందుబాటులో నుండును. కాని దాని సూది నడక దీర్ఘము, ట్రిగ్గరు మార్పించవలెను. అన్నిటిని మించి, ఉక్కు చరిత్ర తెలియవలెను.

ఈ హెచ్చరికకు ఒక నిదర్శనము చెప్పుదుము. అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డు ప్రభుత్వ కర్మాగారమున తయారైన 1903 నమూనా రైఫిళ్ల రిసీవర్లు కొన్ని 1917లో ప్రేల్చునప్పుడు గాజువలె పగిలినవి. విచారణలో కారణము బయటపడినది. కొలిమిలో ఉక్కు ఎంత కాగినదో పనివారు రంగునుబట్టి కంటితోనే నిర్ణయించుచుండిరి. ఎండ కాయుచున్న దినమున ఉక్కు తన అసలు వేడిమికంటె తక్కువ కాగినట్లు కనిపించును. అందుచే అది అతిగా కాలి పెళుసైపోయినది. పిమ్మట ఉష్ణమాపకములు వచ్చినవి, 1918లో పదును పెట్టు పద్ధతియే మారినది. ఆ కర్మాగారపు రైఫిళ్లలో 8,00,000 లోపు సంఖ్య గలవానిని ఎరిగినవారు నేటికిని ప్రేల్చుటకు జంకుదురు. పైమెరుగు చూచి పాత యాక్షనును కొనువాడు ఆ ఎండ దినమును జ్ఞప్తియందుంచుకొనవలెను.

రెండవ దారి కర్మాగారపు యాక్షనును తెచ్చి సరిచేయించుట. 1962లో వెలువడిన రెమింగ్టన్ 700 ఇందుకు ప్రసిద్ధము. దాని రిసీవరు గుండ్రని గొట్టమువంటిది, తరిణెపట్టుటకు అనువైనది. వెనుకతన్నును కొయ్యకు అందించు లగ్గు మాత్రము రిసీవరుతో ఏకముగా నుండక, బారెలుకు రిసీవరుకు నడుమ బిగించిన వేరొక పలక. బొబ్బిలి ఏకాండి వీణకును అతుకుల వీణకును గల భేదమువంటిది ఇది. అతుకు చక్కగా కుదిరినచో దోషము లేదు. నేర్పరి దాని మొగములను చదును చేసి, లగ్గులను సమముగా ఆనునట్లు దిద్దును. అయితే ఈ దిద్దుబాటు వ్యయము మొదటి వెలకు చేర్చి లెక్కించినచో, మొత్తము ఒక్కొక్కప్పుడు మూడవ దారి దరిదాపులకు చేరును.

ఆ మూడవ దారి, పందెము కొరకే చేసిన యాక్షను. పుట్టుకతోనే ఋజువుగా నుండును. వెల హెచ్చు. కాని రెండవ బారెలు, మూడవ బారెలు బిగించునాటికి ఆ వెల సంవత్సరములపై పరచుకొనును. ఇట్టివానిలో పెక్కింటిని రెమింగ్టన్ 700 కొలతలకే చేయుచున్నారు. దానివలన ట్రిగ్గర్లు, కొయ్యలు సులభముగా దొరకును. మరమ్మతు వచ్చినప్పుడు ఈ సౌకర్యము విలువ తెలియును.

ఏ దారి పట్టినను క్రమము తప్పరాదు. మొదట పందెమును నిర్ణయించుకొనవలెను. దాని నియమములు చదువవలెను. ఉదాహరణకు 300 మీటర్ల పందెములో పదింటి వలయము వ్యాసము 100 మిల్లీమీటర్లు. రైఫిలు వ్యాసపరిమితి 8 మిల్లీమీటర్లు. పందెమునుబట్టి తూటా, తూటానుబట్టి బోల్టు మొగము కొలత, ఆపైన యాక్షను. ఎడమచేతివాటము వారు ఎడమ బోల్టునే అడుగవలెను. పరుండి కాల్చువాడు భుజమునుండి రైఫిలును కదల్పక బోల్టును ఎత్తగలడో లేడో స్వయముగా పరీక్షించుకొనవలెను.

మన దేశమున ఇంకొక విచారణ కలదు. 1959నాటి ఆయుధముల చట్టము ప్రకారము లైసెన్సు లేనిదే ఆయుధమును ఉంచుకొనుట గాని, చేయుట, మార్చుట గాని నేరము. 2019 సవరణతో సామాన్య లైసెన్సుదారునికి రెండు ఆయుధములే పరిమితి. క్రీడాకారులకు వేరు మినహాయింపులున్నవి. కనుక ఇచ్చటి క్రీడాకారుడు తన రైఫిలు సంఘముద్వారా అనుమతుల సంగతి తేల్చుకొనిన తరువాతనే వెలల పట్టికను తెరువవలెను. పని అనుమతిగల నిర్మాతచేతనే జరుగవలెను.

ధనము పరిమితమైనప్పుడు దేనికి హెచ్చు వెచ్చించవలెనని పలువురు అడుగుచుందురు. మెరుగుకొయ్యకు కాదు, ఖరీదైన దూరదర్శినికి కాదు. మొదట యాక్షనునకు, తరువాత బారెలునకు, మిగిలినది తూటాలకును అభ్యాసమునకును. కొయ్య రేపు మార్చుకొనవచ్చును. బారెలు ఎటులైనను మార్చక తప్పదు. యాక్షను నిజమైనదైనచో గుండు తప్పినప్పుడు గురికాడు తప్పు తనదేనని నిశ్చయముగా తెలిసికొనగలడు. నేర్చుకొనగోరువానికి పనిముట్టు చేయగల ఉపకారము అంతకుమించి లేదు.