మూసిన గుంట, మంచి ఎరువు



లూకా సువార్త 13వ అధ్యాయములో కాపులేని అంజూరపు చెట్టును నరికివేయమన్నాడు యజమానుడు. తోటమాలి ఒక్క సంవత్సరము గడువు అడిగాడు. చుట్టూ త్రవ్వి ఎరువు వేస్తానన్నాడు. మనము ముక్కు మూసుకొనే ఎరువే ఆ చెట్టుకు చివరి ఆశ.

రెండు గుంటల మరుగుదొడ్డికి కూడా గడువే ముఖ్యము. ఒక గుంట నిండితే దానిని మూసి, రెండవది వాడాలి. మూసిన గుంటలో నీరు నేలలోనికి ఇంకిపోతుంది, మలము మెల్లగా కుళ్లుతుంది, రోగక్రిములు చనిపోతాయి. రెండేళ్లు ఆగితే అది వాసనలేని ఎరువు. 2017 ఫిబ్రవరిలో వరంగల్ ప్రాంతపు గంగదేవిపల్లిలో కేంద్ర ప్రభుత్వ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ స్వయముగా అట్టి గుంటలోనికి దిగి ఎరువు పైకి తీశారు.

అయితే ప్రియులారా, తొందరపడి తెరిస్తే అదే రోగము. సెప్టిక్ ట్యాంకు సంగతి వేరు. అందులోని విషవాయువు ప్రాణము తీస్తుంది. రక్షణ సాధనాలు లేకుండా మనిషిని అందులోనికి దింపడము 2013 చట్టము ప్రకారము నేరము. కూలికి దిగేవాడు మీ పొరుగువాడు కాడా?

మీ గుంటకు గడువు ఇవ్వండి, మనిషికి విలువ ఇవ్వండి. మట్టిని బ్రతికించే దేవుడు మనకు అట్టి మనస్సు దయచేయును గాక. ఆమేన్.