రాజ్‌భవన్ నుంచి పంచాయతీ దాకా

 

రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు మామూలుగా గవర్నరే కులపతి. ఈ స్నాతకోత్సవంలో ఆ కుర్చీ పక్కన నిలబడి గవర్నర్ల సంగతి ఎత్తడం కాస్త ఇబ్బందే. అయినా ఎత్తుతాను.

1984 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి ఎన్టీఆర్ అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని తిరిగొచ్చారు. వచ్చిన రెండు మూడు రోజులకే గవర్నర్ రామ్‌లాల్ ఆయన ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసి, నాదెండ్ల భాస్కరరావు చేత ముఖ్యమంత్రిగా ప్రమాణం చేయించారు. సభలో బలం నిరూపించుకుంటానని ఎన్టీఆర్ అన్నా గవర్నర్ వినలేదు. ఎన్టీఆర్ తన ఎమ్మెల్యేలను వెంటబెట్టుకుని రాష్ట్రపతి భవన్‌కు వెళ్లారు. ఇక్కడ జనం వీధుల్లోకొచ్చారు. నెల తిరిగేసరికి గవర్నరూ మారారు, ముఖ్యమంత్రీ తిరిగొచ్చారు.

ఇది ఒక్క పార్టీ పాపం కాదు. 1977లో జనతా ప్రభుత్వం తొమ్మిది రాష్ట్రాల్లో కాంగ్రెస్‌ను గద్దె దించింది. 1980లో ఇందిరాగాంధీ ఆ లెక్క సరిచేస్తూ తొమ్మిది రాష్ట్రాల ప్రభుత్వాలను ఇంటికి పంపారు. రాష్ట్రపతి పాలన విధించే 356వ అధికరణం వాడే అవసరమే రాదని అంబేడ్కర్ ఆశపడ్డారు, పాపం! బలం తేలాల్సింది రాజ్‌భవన్‌లో కాదు, సభలోనని 1994లో బొమ్మై కేసులో సుప్రీంకోర్టు చెప్పాకే ఆ దూకుడు తగ్గింది.

ఇప్పుడు కేంద్ర రాష్ట్రాల తగువంతా డబ్బు దగ్గర. కేంద్రం పంచాల్సిన పన్నుల్లో రాష్ట్రాలకు 41 శాతం ఇవ్వాలని పదిహేనో ఆర్థిక సంఘం చెప్పింది. కానీ సెస్సులు, సర్‌చార్జీలు ఆ పంపకంలోకి రావు. పెట్రోలు మీద రూపాయిని మామూలు ఎక్సైజు సుంకంగా వేస్తే అందులో రాష్ట్రాలకు వాటా ఉంది. అదే రూపాయిని సెస్సుగా వేస్తే లేదు. రాజ్యాంగం దీనికి ఒప్పుకుంటుంది. నా మనసు ఒప్పుకోదు.

మరి ఢిల్లీని తిట్టే రాష్ట్రాలు తమ ఇంట్లో చేస్తున్నదేమిటి? పంచాయతీలకు, పట్టణ సంస్థలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 73, 74 సవరణలు 1993లో అమల్లోకొచ్చాయి. వాటి ప్రకారం ఐదేళ్లకోసారి రాష్ట్ర ఆర్థిక సంఘం వేయాలి. చాలాచోట్ల వేళకు వేయరు, వేసినా సిఫార్సులు అటకెక్కుతాయి. పంచాయతీ ఎన్నికలు వాయిదా వేసి ప్రత్యేకాధికారులతో నెట్టుకొస్తారు. ప్రధానమంత్రి మీద ముఖ్యమంత్రి చేసే ఫిర్యాదే ముఖ్యమంత్రి మీద సర్పంచి చేస్తాడు. ఇద్దరిదీ నిజమే.

ఈరోజు పట్టాలు అందుకున్న మీలో కొందరు కలెక్టర్లవుతారు, కొందరు ఎన్నికల్లో నిలబడతారు, అందరూ పన్ను కడతారు. ఈసారి ఊరెళ్లినప్పుడు గ్రామసభలో కూర్చోండి. పంచాయతీ సొంత రాబడి ఎంత, పైనుంచి రావాల్సిన నిధుల్లో ఎంత ఆగింది, ఎవరు ఆపారు? లెక్క అడగండి.