గాజులు తీయమనే ముందు

సేవాలాల్ మహారాజ్ పుట్టిన సేవాగఢ్ మన గుత్తి దగ్గరే. పక్కనే ఉన్న యాడికిలో ఈ మాటలు చెప్పుకోవడం మాకు సంతోషం. మన గోర్ బోలీలో 'యాడి' అంటే అమ్మ. సీమ మాటలో 'యాడికి' అంటే ఎక్కడికి. జబ్బు చేసిన తాండా అమ్మ యాడికి పోవాల అన్నదే ఈ పొద్దు మా ప్రశ్న. ఆయుర్వేదం చదివే పిల్లలు కూడా వచ్చినారు కాబట్టి వాళ్లకే చెబుతాం.

మా అవ్వ ఒకామె మోకాళ్ల నొప్పులకని ఒక ఆయుర్వేద ఆసుపత్రికి పోయింది. నాడి చూసే అబ్బాయి "ముందు ఈ గాజులన్నీ తీసెయ్" అన్నాడు. మణికట్టు నుంచి మోచేతి దాకా ఉన్న గాజులవి. తాత బతికుండగా వాటిని తీయమంటే ఎంత మాటో ఆ అబ్బాయికి తెలీదు. అవ్వ లేచి వచ్చేసింది. "కొంచెం పైకి జరుపుకో అవ్వా" అనుంటే సరిపోయేది. ఇంకో సంగతి. అప్పటికే ఆమె ఇంట్లో వేర్ల కషాయం తాగుతా ఉంది. ఆయన అడగలేదు, ఈమె చెప్పలేదు. ముందొకసారి ఇంకోచోట చెబితే నవ్వినారంట. ఆ కషాయం మీద ఇంకో మందు పడుంటే?

తప్పంతా ఆ అబ్బాయిదే అనం. బీఏఎంఎస్ నాలుగున్నరేళ్లు చదవాల, ఆపైన ఏడాది ఇంటర్న్‌షిప్. గుడూచి, గోక్షుర, అపామార్గ అని చదువుతారు. అవే మన తిప్పతీగ, పల్లేరు, ఉత్తరేణి. తాండాలో కూర్చుని ఆ పేర్లతో అడగడం కూడా చదువే. ఎంబీబీఎస్‌లో 2019 నుంచి రోగితో మాట్లాడే తీరును 'ఏట్‌కామ్' పేరుతో పాఠంగానే నేర్పుతున్నారు.

మా కోరిక ఒకటే. ఇంటర్న్‌షిప్‌లో కొన్ని రోజులు తాండాల్లో గడపండి. అక్కడ పాఠం చెప్పేది మన ముసలోళ్లు. వాళ్లకూ కాలేజీ అధ్యాపకులకు ఇచ్చినట్టే గౌరవ వేతనం ఇవ్వాల. కేరళలో కాణి గిరిజనులు 1987లో ఆరోగ్యపచ్చ మొక్క గుట్టు శాస్త్రవేత్తలకు చెప్పినారు. దాంతో చేసిన 'జీవని' మందు మీద వచ్చే లైసెన్సు సొమ్ములో సగం కాణీలకు అని ఒప్పందం జరిగింది. చెప్పినోళ్లకు వాటా ఉండాల కదా!

మనవన్నీ మంచివే అని కూడా మేం అనం. కామెర్లకు వాత పెట్టడం మానాల్సిందే. అయితే ఆ మాట మా అవ్వ పక్కన కూర్చుని చెప్పే డాక్టరు కావాల.

జొన్నరొట్టె, పడక మాది. ఎప్పుడొస్తారో తేదీ మీరు చెప్పండి.