పట్టిసీమ నేర్పిన మౌనం



మన రాయచోటిలో వెలసిన వీరభద్రుడే గోదావరి నడుమ పట్టిసీమలోనూ కొలువై ఉన్నాడు. వాహనాలన్నీ ఒడ్డునే ఆగిపోవలసిందే. పడవలో దాటి దేవకూటాద్రి మెట్లెక్కాలి. అక్కడ గాలి, నీటి సవ్వడి, గుడిగంట తప్ప మరేమీ వినిపించలేదు. శివకేశవులు, వీరభద్రుడూ భావనారాయణుడూ, ఒకే కొండపై ఉన్నారు. నా పంచాక్షరి నా చెవులకు స్పష్టంగా వినబడడం అదే మొదటిసారి.

మాండవ్యనది ఎండిన ఇసుకను చూస్తూ పెరిగినవాణ్ణి. అంత నీటిని చూసి కళ్లు చెమర్చాయి. అయితే వెంట తెచ్చుకొన్నది నీరు కాదు, నిశ్శబ్దం. ఇక్కడ మన హారన్ల మోతలో గుడిగంట వినబడని వేళలున్నాయి. ఆ మోత మోగించినవారిలో నేనూ ఒకణ్ణి.

వచ్చే శివరాత్రికి నడవలేని వృద్ధులు తప్ప తక్కినవారమంతా వాహనాలను దూరంగా నిలిపి, కాలినడకన వద్దాం. హుండీలో కానుకకు ముందుగా ఆ మౌనాన్ని స్వామికి సమర్పిద్దాం.

ఓం వీరభద్రాయ నమః.